దొంతిగుండ్లు - ఛాయాచిత్రములు



హైదరాబాదు పరిసరములందును, తెలంగాణమున పలుచోట్లను, గుండుమీఁద గుండు దొంతి పెట్టినట్లున్న శిలలను మీరు చూచియే యుందురు. భీముఁడు పేర్చెనని కొందఱందురు. నిజమునకు వానిని పేర్చినవా రెవ్వరును లేరు. ఇంచుమించు 250 కోట్ల యేండ్లనాఁడు భూగర్భమునఁ గరఁగిన రాయి చల్లాఱి గ్రానైటు శిల యయ్యెను. దానియందు నిలువుగను అడ్డముగను బీటలు పడినవి. వానిలోనికి దిగిన నీరు, మన్ను క్రిందనే, రాతిని మెల్లమెల్లగా మెత్తఁజేసెను. మూలలు మూఁడు వైపులనుండి నీటికి లోనగుటచే నవియే ముందరిగి, దిమ్మెలు గుండ్లయినవి. పిమ్మట వానలు మెత్తని మన్నును గొనిపోఁగా, గట్టి గుండ్లు ఉన్నచోటనే బయటపడినవి.

మా యూరి చెంతనున్న యొక దొంతికి నేను మిట్టమధ్యాహ్నమున ఛాయాచిత్రము తీసితిని. నీడలు లేమిచే గుండ్రదనము కనఁబడలేదు. ప్రక్క మనుష్యుఁడు లేమిచే నింటియంత గుండు గులకరాయివలెఁ దోఁచెను. కొన్ని నెలలకు, ప్రొద్దు వాలినపుడు, ఒక బాలుని ప్రక్క నిలిపి మరల తీయుదమని పోయితిని. అచ్చట కంకరకుప్ప మాత్రమే మిగిలియుండెను. ఆ చెడిన చిత్రమే నేఁడు దానికి సాక్షి.

శిలారక్షణకై హైదరాబాదున 1996లో నొక సంఘ మేర్పడినది. మీ యూరి గుండ్లకు మీరే సంఘము. ఉదయసాయంకాలముల యేటవాలు వెలుఁగున, మనుష్యుని ప్రక్క నిలిపి, నాలుగు దిక్కులనుండి చిత్రములు తీయింపుఁడు. వెనుక తేదియు, చోటును వ్రాయుఁడు. గుండు పగులకముందే ఆ చిత్రమును గ్రామసభలోఁ జూపి నాలుగు మాటలు చెప్పుట పెద్దలైన మీకే చెల్లును.