ఇనుప గుండు ఎత్తే ముందు

గోదాములాంటి పెద్ద గది. గోడకు ఎర్ర అంకెల గడియారం. నేల మీద రబ్బరు పలకలు. మూలన ఇనుప బరువులు. చెవులు దద్దరిల్లే పాటలు. లోపల పదిమంది రొప్పుతుంటారు, ఒకరిద్దరు చెమటతో తడిసి నేల మీద పడి ఉంటారు. డర్బన్‌లో క్రాస్‌ఫిట్ తరహా క్లాసు జరిగే గది ఇలాగే ఉంటుంది. దీన్ని 'బాక్స్' అంటారు. మనవాళ్ళు చాలామంది గుమ్మం దాకా వచ్చి, 'ఇది మనవల్ల కాదు' అనుకుని వెనక్కి వెళ్ళిపోతారు.

వెళ్ళిపోకండి. గంట క్లాసులో అసలు కష్టమైన భాగం సాధారణంగా 10 నుంచి 20 నిమిషాలే. మీరు తలుపులోంచి చూసింది ఆ నిమిషాలనే.

మొదటి పదిహేను నిమిషాలు ఒళ్ళు వేడెక్కించడం. అంటే చేతులు తిప్పడం, మెల్లగా పరుగెత్తడం, తాడాట, నడుము వంచడం. తరవాత ఒక కదలికను నేర్పుతారు. కర్రతో గానీ ఖాళీ కడ్డీతో గానీ మొదలుపెడతారు. ఆ తరవాత బోర్డు మీద రాసిన ఆ రోజు పని చేస్తారు. చివర ఊపిరి సర్దుకోవడం, ఒళ్ళు సాగదీయడం. అంతే.

బోర్డు మీద వింత మాటలు కనబడతాయి. 'ఏమ్‌రాప్' అంటే ఇచ్చిన సమయంలో వీలైనన్ని రౌండ్లు చేయడం. 'ఈమామ్' అంటే ప్రతి నిమిషం మొదట్లో పని మొదలుపెట్టి, మిగిలిన సెకన్లలో విశ్రాంతి తీసుకోవడం. 'తబాటా' అంటే 20 సెకన్లు పని, 10 సెకన్లు విశ్రాంతి, ఇలా 8 సార్లు. మొత్తం 4 నిమిషాలే, కానీ చాలా పొడుగ్గా అనిపించే 4 నిమిషాలు. ఈ పేరు ఇజుమి తబాటా అనే జపాన్ శాస్త్రవేత్తది. 'ఆర్‌ఎక్స్' అంటే బోర్డు మీద రాసిన బరువుతో, రాసినది రాసినట్టు చేయడం. ఈ చివరి మాటను కొన్ని నెలలు మరచిపోండి.

ఇంగ్లీషు పేర్లు విని బెదరనక్కర్లేదు. కదలికలు మనకు తెలిసినవే. స్క్వాట్ అంటే కుంగి లేవడం. వినాయకుడి ముందు చెవులు పట్టుకుని తీసే గుంజీళ్ళు గుర్తున్నాయా? దాదాపు అదే. డెడ్‌లిఫ్ట్ అంటే నేల మీది బరువును నడుము వంగిపోకుండా పైకెత్తడం. ఫార్మర్స్ క్యారీ అంటే రెండు చేతుల్లో రెండు బరువులు పట్టుకుని నడవడం, నీళ్ళ బకెట్లు మోసినట్టు. కెటిల్‌బెల్ అంటే పిడి ఉన్న ఇనుప గుండు. బర్పీ మాత్రం మన ఇళ్ళలో లేదు. నేల మీద బోర్లా పడుకోవాలి, లేవాలి, ఎగరాలి, మళ్ళీ పడుకోవాలి. ఇది ఎవరికీ నచ్చదు. పాతవాళ్ళకు కూడా.

తెలుగులో ఈ విద్యకు పాత మాటలే ఉన్నాయి. కండబలం పెంచే చోటును తాలింఖానా అనేవారు. అక్కడ దండీలు, బస్కీలు తీసేవారు. దండీ మన పుషప్ లాంటిది, బస్కీ స్క్వాట్ లాంటిది. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు అలాంటి సాధనతోనే పేరు పొందిన బలశాలి. కార్లను కదలకుండా ఆపాడు, ఏనుగును ఛాతీ మీద మోశాడు. దక్షిణాఫ్రికా వచ్చిన తెలుగువాళ్ళలో చాలామంది ఆ ప్రాంతం వైపు నుంచి వచ్చినవారే.

ఇక్కడ ఒక మాట. మా ముత్తాతలు రోజంతా చెరకు కోశారు, మోపులు మోశారు, వాళ్ళకు జిమ్ ఎందుకు అని పెద్దవాళ్ళు కొందరు అంటారు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది. 1911 వరకు లక్షన్నర మందికి పైగా అలా వచ్చారు. వాళ్ళు చేసినది వ్యాయామం కాదు, ఒప్పందపు కూలి. అలసిపోతే ఆగే హక్కు వాళ్ళకు లేదు. మీకు ఉంది. క్లాసులో మీరు మొదట నేర్చుకోవలసినది కూడా అదే: ఎప్పుడు ఆగాలి.

ఇప్పుడు మన పని కుర్చీలో. పళ్ళెంలో అన్నం, రొట్టి, బంగాళాదుంప కూర, ఆదివారం బన్నీ చౌ. దక్షిణాఫ్రికాలోని భారతీయ కుటుంబాల్లో షుగరు జబ్బు, గుండె జబ్బు ఎక్కువని డాక్టర్లు దశాబ్దాలుగా చెబుతున్నారు. ఈ పత్రిక చదివే ఇళ్ళలో షుగరు మాత్రల డబ్బా లేని ఇల్లు ఎన్ని ఉంటాయి? మనలాంటి దక్షిణాసియా వాళ్ళకు నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే ప్రమాదం పెరుగుతుందని లెక్క. చూడ్డానికి సన్నగా ఉన్నా పొట్ట దగ్గర కొవ్వు చేరడం మనలో మామూలు.

కండరాలు పనిచేసేటప్పుడు రక్తంలోని చక్కెరను లాక్కుంటాయి. అందుకు అప్పుడు ఇన్సులిన్ మీద అంతగా ఆధారపడవు. కండ పెరిగితే చక్కెర పట్టే చోటు పెరుగుతుంది. అందుకే నడక ఒక్కటే చాలదు. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. దానితో పాటు 150 నిమిషాల మామూలు వ్యాయామం గానీ, 75 నిమిషాల గట్టి వ్యాయామం గానీ ఉండాలి. డర్బన్ సముద్రతీరం మీద ఉదయం నడిచే మనవాళ్ళు చాలామంది మొదటి సగాన్ని మరచిపోతున్నారు.

కానీ ఇదే జబ్బు ఉన్నవారు తిన్నగా వెళ్ళి గుండు ఎత్తకూడదు. ముందు డాక్టరును అడగండి. ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉంటే ఇది తప్పనిసరి. షుగరు వల్ల కంటి వెనక పొర దెబ్బతిన్నవారు ఊపిరి బిగబట్టి పెద్ద బరువులు ఎత్తకూడదు. ఇన్సులిన్ తీసుకునేవారు, షుగరు బాగా తగ్గించే కొన్ని రకాల మాత్రలు వేసుకునేవారు క్లాసుకు ముందు వేలు గుచ్చి చూసుకోవాలి. మీటరు మీద 5 కంటే తక్కువ ఉంటే ముందు ఏదైనా తినాలి. జేబులో రెండు మిఠాయిలు ఉంచుకోండి. ఒక్కోసారి క్లాసు అయిన వెంటనే అంకె పెరుగుతుంది. గట్టి వ్యాయామంలో ఒళ్ళు తనంతట తానే చక్కెరను వదులుతుంది, కంగారు పడకండి. చాలా గంటల తరవాత, రాత్రి నిద్రలో తగ్గవచ్చు. జాగ్రత్త పడవలసినది దానికి. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవారు చేతి గడియారంలో గుండె వేగం చూసి లాభం లేదు, ఆ మందు వేగాన్ని తగ్గించి చూపుతుంది. మాట్లాడి చూడండి. రెండు మూడు మాటలు కూడా రాకపోతే వేగం తగ్గించండి.

మీకు ఎంత బరువు సరిపోతుంది? మగవారి కడ్డీ ఖాళీగానే 20 కిలోలు, ఆడవారిది 15. మొదటి రోజు ఆ ఖాళీ కడ్డీ కూడా ఎక్కువ కావచ్చు. చాలాచోట్ల తేలికపాటి నేర్చుకునే కడ్డీలు ఉంటాయి, లేకపోతే చేతికర్ర ఉంటుంది. పెట్టె మీదికి దూకలేకపోతే ఎక్కి దిగండి. కడ్డీకి వేలాడి పైకి లేవలేకపోతే రింగులు పట్టుకుని వెనక్కి వాలి లాగండి. కుంగలేకపోతే కుర్చీ మీద కూర్చుని లేవండి. దీన్ని 'స్కేలింగ్' అంటారు. ఇది తక్కువ రకం పని కాదు, మంచి కోచ్ అందరి చేత చేయించే పని ఇదే. నలుగురూ చూస్తారని సిగ్గు పడకండి. ఆ నలుగురూ అప్పుడు తమ ఊపిరి కోసం వెతుక్కుంటుంటారు.

మొదటి క్లాసు తరవాత మర్నాడు, ఆ మర్నాడు ఒళ్ళు నొప్పులు తప్పవు. మెట్లు దిగడం కష్టం, కమోడ్ మీద కూర్చోవడం ఇంకా కష్టం. ఇది 24 నుంచి 72 గంటల్లో బాగా ఉండి, తగ్గిపోతుంది. నొప్పి చెప్పడానికి తెలుగులో ఎన్ని మాటలో చూడండి. అవ్వ దగ్గర విన్నవే. 'సలుపు' అంటే లోపల్లోపల నెమ్మదిగా బాధ, కండరంలో సలుపు ఉంటే ఫరవాలేదు. 'పట్టేసింది' అంటే కండరం బిగుసుకుంది, ఆగి సాగదీయండి. 'పోటు' అంటే సూదితో పొడిచినట్టు. కీలులో పోటు వస్తే ఆ రోజుకు ఆ పని చాలించండి. 'తిమ్మిరి' చేతిలోకి, కాలిలోకి పాకితే కూడా ఆగండి. ఛాతీ బరువెక్కినా, నొప్పి ఎడమ చేయికి, దవడకు పాకినా క్లాసు సంగతి వదిలి 10177కు ఫోన్ చేయించండి.

ఇంకొకటి, అరుదైనదే కానీ తెలిసి ఉండాలి. చాలా ఏళ్ళ తరవాత వచ్చి, మొదటి రోజే పట్టుదలతో వందల సార్లు ఒకే కదలిక చేస్తే కండరం దెబ్బతిని, అందులోని పదార్థాలు రక్తంలోకి చేరి మూత్రపిండాలను పాడుచేయగలవు. చేతులు, తొడలు విపరీతంగా వాచి, మూత్రం కోలా రంగులో వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. ఒకప్పుడు ఆటగాళ్ళుగా ఉన్నవారికే ఇది ఎక్కువ ప్రమాదం. మనసుకు పాత బలం గుర్తుంటుంది, కండకు ఉండదు.

జనవరి, ఫిబ్రవరి ఉక్కలో మొదలుపెట్టేవారు తెల్లవారుజాము క్లాసు ఎంచుకోండి. నీళ్ళు తీసుకెళ్ళండి. గంట ముందు ఒక అరటిపండు చాలు. వారానికి రెండు రోజులు, మధ్యలో ఒక రోజైనా విశ్రాంతి. మూడో రోజు గురించి రెండో నెలలో ఆలోచించవచ్చు.

చేరే ముందు ఒకసారి వెళ్ళి ఊరికే చూసి రండి. కొత్తవాళ్ళకు విడిగా ఫౌండేషన్స్ క్లాసులు ఉన్నాయా అని అడగండి. 'నాకు షుగరు ఉంది, మోకాలు నొప్పి ఉంది, నా చేత ఏం చేయిస్తారు?' అని అడగండి. మంచి కోచ్ వెంటనే జవాబు చెప్పడు. ఏ మందులు వేసుకుంటున్నారు, మోకాలు ఎప్పటి నుంచి నొప్పి, మెట్లు ఎక్కేటప్పుడా దిగేటప్పుడా అని అడుగుతాడు. తరవాత ఒక కుర్చీ తెచ్చి ముందు పెట్టి, కూర్చుని లేవమంటాడు.