కిడ్నీ మార్చాక మాత్రలు ఎందుకు మానకూడదు?

"మనిషి బాగానే ఉన్నాడు కదా, ఇంకా ఈ మాత్రలెందుకు?" అని కిడ్నీ మార్పిడి జరిగినవారి ఇంటివారు అడుగుతుంటారు. 2013లో జీవన్‌దాన్ మొదలయ్యాక మన జంటనగరాల్లో బ్రెయిన్ డెత్ అయినవారి కిడ్నీలు కూడా ఎందరికో అమర్చారు. కనుక ఈ సంగతి మీకు తెలియాలి.

దేవుడు మన ఒంట్లో ఉంచిన కాపలాదారుల్లో డెండ్రైటిక్ కణాలు ముఖ్యమైనవి. వీటిని 1973లో గుర్తించిన రాల్ఫ్ స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ బహుమతి ప్రకటించారు. పాపం, అప్పటికి ఆయన చనిపోయి మూడు రోజులైంది. ఈ కణం పరాయి పదార్థం ముక్కను లింఫు గ్రంథులకు తీసుకువెళ్లి టి-కణాలకు చూపుతుంది. చూపడం ఒక్కటే చాలదు. ప్రమాదం ఉన్నప్పుడు దాని పైపొర మీద బి7 అనే ప్రోటీన్లు పెరుగుతాయి. ఆ రెండో సంకేతం అందితేనే టి-కణం దాడికి లేస్తుంది, లేకుంటే ఊరుకుంటుంది. మన ఒంటి మీద మన కణాలే తిరగబడకుండా ఉండడానికి ఇదొక కారణం.

అమర్చిన కిడ్నీ సొంత తమ్ముడిదైనా టి-కణాలకు పరాయిదే (అచ్చుగుద్దినట్టుండే కవలల సంగతి వేరు). టాక్రోలిమస్ మాత్ర ఆ టి-కణాలను అణచి ఉంచుతుంది. మానేస్తే నొప్పి లేకుండానే దాడి మొదలు కావచ్చు, క్రియాటినిన్ పెరిగాక గాని బయటపడదు. మాత్ర వేసుకోగానే వాంతి అయినా, కొనడానికి డబ్బు చాలకపోయినా, మీ అంతట మీరు మానకుండా అదే రోజు డాక్టరుకు చెప్పండి.