గుండెపోటు తరువాతి దినములు

గుండెపోటు వచ్చినవాడు ఆసుపత్రిలో చికిత్స పొంది యిల్లు చేరినప్పుడు గండము గడచినదని బంధువులు సంతోషించుట సహజమే. అయినను కొన్ని మాసములవరకు హఠాన్మరణ భయము వానిని వీడదు. ఈ సంగతి మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలిసియుండవలెనని మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

హఠాత్తుగా మరణించిన ప్రతివానిని గూర్చియు పత్రికలు "గుండెపోటు" అనియే వ్రాయును. ఇది సరికాదు. హృదయ కండరమునకు రక్తము గొనిపోవు ధమని గడ్డకట్టిన రక్తముచే మూసికొనిపోవుట గుండెపోటు. అప్పుడు రోగికి సాధారణముగా తెలివి యుండును, బాధ చెప్పుకొనగలడు. హృదయమును నడపు విద్యుత్తు గతి తప్పి, కండరము ముడుచుకొనక వట్టిగా వణకుట హృదయస్తంభనము. అప్పుడు క్షణములలో తెలివి దప్పును.

మొదటిది రెండవదానికెట్లు దారితీయును? కుసుమంచి రైతుల కిది సులభముగా బోధపడును. పాలేరు నీరు తెచ్చు కాలువ పూడినచో చివరి మడి యెండిపోవును. పూడిక తీసి నీరు వదలినను చచ్చిన పైరు బ్రదుకదు. అట్లే ధమనిని తెరచినను, అప్పటికే చచ్చిన కండరము మచ్చగా మారును. మచ్చలో విద్యుత్తు పారదు. దాని యంచులవెంట సుడి తిరుగును. ఆ సుడియే ఒకనాడు హృదయమంతటిని వణకించును. (పోలిక యింతవరకే, కాలువలో విద్యుత్తు లేదు గదా!)

ఎడమ జఠరిక ప్రతి స్పందనమునకు తనలోని రక్తములో నూటికెంత పాలు నెట్టుచున్నదో ఎకో పరీక్షలో కొలుతురు. ఆరోగ్యవంతుల కిది 55 మొదలు 70 వరకుండును. 35కు దిగినచో అపాయ మధికము. 2005లో ప్రకటింపబడిన వాలియంట్ పరిశోధనలో గుండెపోటుచే హృదయము బలహీనపడిన 14,609 మందిని గమనించిరి. హృదయము హఠాత్తుగా ఆగుట మొదటి 30 దినములలో నూటికి 1.4, రెండేండ్ల తరువాత నెలకు 0.14 మాత్రమే.

గతి తప్పిన హృదయమును తానే గుర్తించి విద్యుదాఘాతముతో సరిచేయు యంత్రమును 1980లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో తొలిసారి మనుష్యుని శరీరములో అమర్చిరి. మరి తొలి నెలలోనే అపాయ మధికమైనచో, వైద్యులు సాధారణముగా 40 దినములు ఆగుదురేల? తొలి మరణములలో పెక్కు మరొక గుండెపోటువలనను, మెత్తబడిన గుండె గోడ చినుగుటవలనను కలుగును. విద్యుదాఘాతము చినిగిన గోడను కుట్టజాలదు. అదియుగాక, ఈలోపల మందులచే కొందరి హృదయము బలపడును. కనుక తొలి దినములలో మందులే ప్రాణాధారము. "నొప్పి లేదు గదా" యని మాత్రలు మానుట పెక్కు ఇండ్లలో చూచుచున్నాము. ఇంతకంటె ఖరీదైన పొదుపు వేరొకటి లేదు.

2023 జనవరి 27న కుప్పములో పాదయాత్రలో సినీనటుడు నందమూరి తారకరత్న కుప్పకూలెను. వైద్యులు ఆయన హృదయమును మరల కొట్టుకొనునట్లు చేసిరి గాని, రక్తమందని కాలమున మెదడు దెబ్బతిన్నది. ఫిబ్రవరి 18న బెంగుళూరులో మరణించెను. ఎవరును రొమ్ము నొక్కకున్నచో, విద్యుదాఘాతము ఆలస్యమైన ప్రతి నిమిషమునకు బ్రదుకు ఆశ నూటికి 7 మొదలు 10 వంతులు తగ్గును. ఆ నిమిషములు వైద్యునివి కావు, ఇరుగుపొరుగువారివి.

పడిపోయినవాడు పిలిచిన పలుకక, సరిగా ఊపిరి తీయకున్నచో (ఎగశ్వాసను ఊపిరి యని భ్రమింపరాదు) ఒకరు 108కి ఫోను చేయవలెను. మరియొకరు రోగిని గట్టి నేలపై వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడిమి యెముకపై రెండు చేతులు ఒకదానిపై నొకటి యుంచి, నిమిషమునకు 100 మొదలు 120 మార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గని లోతున నొక్కవలెను. నోట నీళ్లు పోయరాదు. రెండేసి నిమిషముల కొకరు మారవచ్చును. చిన్న తరగతుల పిల్లల బరువు ఇందుకు చాలదు. వారు పెద్దలను కేకవేసి, సూర్యాపేట రోడ్డుమీద నిలిచి అంబులెన్సునకు తమ వీధి చూపవలెను.