రెండు కిలోమీటర్ల రాయిలో రెండు కోట్ల టన్నుల రాగి

ఖండాల పైపొరలోని రాళ్లన్నీ కలిపి సగటు కడితే టన్నుకు 28 గ్రాముల రాగి ఉంటుంది. బంగారం ఒకటిన్నర మిల్లీగ్రాములే. ఇండోనేసియాలోని పపువా కొండల్లో, సముద్రమట్టానికి 4,000 మీటర్ల ఎత్తున ఉన్న గ్రాస్‌బర్గ్ గనిలో మాత్రం టన్ను ఖనిజంలో దాదాపు 10 కిలోల రాగి, గ్రాముకు అటూఇటుగా బంగారం ఉన్నాయి. అంటే రాగి 350 రెట్లు, బంగారం 600 రెట్లకు పైగా పోగుపడ్డాయి. డచ్ భూగర్భ శాస్త్రవేత్త జాన్ జాక్ డోజీ 1936లోనే పక్కనున్న ఎర్ట్స్‌బర్గ్ రాగి కొండను చూశాడు. కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఈ పెద్ద నిక్షేపం మాత్రం 1988 దాకా బయటపడలేదు.

ఇంత లోహం ఎక్కడి నుంచి వచ్చింది? సుమారు 30 లక్షల ఏళ్ల కిందట ఇక్కడొక అగ్నిపర్వతం ఉండేది. దాని గొంతులో గడ్డకట్టిన రాయే ఈ గని. ఆ రాయిలోనే రాగి పుట్టిందనుకుంటే లెక్క కుదరదు. ఘనపు కిలోమీటరు శిలాద్రవం బరువు దాదాపు 250 కోట్ల టన్నులు. టన్నుకు 50 గ్రాముల రాగి ఉందనుకున్నా మొత్తం 1.25 లక్షల టన్నులే. గ్రాస్‌బర్గ్‌లో తవ్వకాలకు ముందు ఉన్నది 2 కోట్ల టన్నులకు పైమాటే. ఒక్క రవ్వ వృథా కాకుండా రాబట్టినా 160 ఘనపు కిలోమీటర్ల శిలాద్రవం కావాలి. పైన కనిపించే అగ్నిశిల వెడల్పు సుమారు 2 కిలోమీటర్లు. రెండు కిలోమీటర్ల లోతు వరకు తీసుకున్నా పది ఘనపు కిలోమీటర్లు నిండదు. కాబట్టి ఈ రాయి రాగికి పుట్టిల్లు కాదు, అది పైకి వచ్చిన దారి. అసలు మూలం కింద, ఎన్నో రెట్లు పెద్దదైన శిలాద్రవపు మడుగు.

అక్కడి నుంచి లోహాన్ని మోసుకొచ్చింది నీరు. ఇలాంటి శిలాద్రవంలో బరువులో 4 శాతానికి పైగా నీరు కరిగి ఉంటుంది. పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి ఆ నీరు విడిపోతుంది. అందులోని క్లోరిన్ రాగిని పట్టుకుంటుంది. అయితే ఒక షరతు ఉంది. శిలాద్రవంలోని గంధకం సల్ఫైడ్ రూపంలో ఉంటే రాగి ముందే దానితో కలిసి అడుగున దిగబడిపోతుంది. ఆక్సిజన్ పుష్కలంగా ఉండి గంధకం సల్ఫేటుగా ఉంటేనే రాగి చివరిదాకా శిలాద్రవంలో నిలుస్తుంది. నా దృష్టిలో నిక్షేపం తలరాత తేలేది ఇక్కడే. పైకొచ్చిన వేడినీరు 400 డిగ్రీల దరికి చల్లారాక గంధకం మళ్లీ రూపు మార్చుకుంటుంది, రాగి సల్ఫైడుగా పేరుకుంటుంది.

డ్రిల్లింగులో తీసిన రాతి కడ్డీని తడిపి చూస్తే ఈ కథంతా కనిపిస్తుంది. బూడిదరంగు రాయి నిండా వెంట్రుక నుంచి వేలు మందం దాకా తెల్లటి క్వార్ట్జ్ చారలు, వాటి వెంబడి ఇత్తడి రంగులో రాగి ఖనిజం చాల్కోపైరైట్ చుక్కలు, నల్లని మాగ్నటైట్. అక్కడక్కడా నెమలికంఠం రంగులో మరో రాగి ఖనిజం బోర్నైట్. చాల్కోపైరైట్ బరువులో 34.6 శాతం రాగే.

కొత్త చోట ఇలాంటి నిక్షేపాల కోసం వెతికేవాళ్లు రాయిలోని స్ట్రాన్షియం, యిట్రియం నిష్పత్తి చూస్తారు. నీరెక్కువైన శిలాద్రవంలో ప్లేజియోక్లేజ్ అనే ఖనిజం ఆలస్యంగా గడ్డకడుతుంది కనుక స్ట్రాన్షియం మిగులుతుంది. హార్న్‌బ్లెండ్ అనే మరో ఖనిజం ముందుగా ఏర్పడి యిట్రియంను లాగేస్తుంది. నిష్పత్తి 20 దాటితే ఆశ పెట్టుకోవచ్చు. కానీ వేడినీటి తాకిడికి రాయి మారిపోయిన చోట స్ట్రాన్షియం కొట్టుకుపోతుంది, అంకె తప్పుదారి పట్టిస్తుంది. అందుకే నిక్షేపానికి కాస్త ఎడంగా, మార్పు సోకని రాయినే పరీక్షకు పంపాలి. నిష్పత్తి బాగున్నా ఆ శిలాద్రవంలో నీరు ఉండేదని మాత్రమే తెలుస్తుంది. రాగి ఉందో లేదో డ్రిల్లు దింపాకే తేలుతుంది.