ఎర్రలైటు సాక్ష్యం

కారు డ్యాష్‌బోర్డు మీద నూనెడబ్బా బొమ్మతో ఎర్రలైటు వెలగగానే షెడ్డులో తరచుగా వినబడే తీర్పు: ‘సెన్సర్ పోయింది, మార్చేద్దాం’. చాలాసార్లు అది నిజమే కావచ్చు. అయినా వరస తప్పు. లైటు అబద్ధం చెబుతోందని వేరే సాధనంతో తేలేదాకా ఇంజన్‌లో నూనె ప్రెషర్ లేదనే అనుకోవాలి. సెన్సర్ మార్చడం ఆ తర్వాతి పని. ఆ సెన్సర్ దేన్ని కొలుస్తుందో, ఎలా కొలుస్తుందో తెలిస్తే ఈ పట్టుదల అతిగా అనిపించదు.

1883లో ఇంగ్లండులో బీచమ్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల తరహా బేరింగు మీద ప్రయోగాలు చేస్తుండగా, నూనె పోయడానికి పైన తొలిచిన బెజ్జంలోంచి నూనె ఎదురు తన్నుకొచ్చింది. బిరడా బిగిస్తే దాన్నీ నెట్టేసింది. గేజి పెట్టి చూస్తే ముల్లు చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటిపోయింది. తిరిగే ఇరుసు తనంతట తానే నూనెను సందులోకి లాక్కుని, ఆ పొర మీద తేలుతోందన్నమాట. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణితం సమకూర్చాడు. కారు ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్‌ను మోసేదీ అలాంటి పొరే; దానికి నూనె ఎడతెగకుండా అందించడం పంపు పని. పంపు ఇచ్చేది ప్రవాహం మాత్రమే. ఇరుకు సందుల్లో ఆ ప్రవాహానికి తగిలే అడ్డే ప్రెషర్‌గా కనబడుతుంది. అందుకే బేరింగులు అరిగి సందులు పెరిగితే, డిప్‌స్టిక్ మీద నూనె నిండుగా ఉన్నా ప్రెషర్ పడిపోతుంది.

ఈ ప్రెషర్‌ను డ్రైవరుకు చూపే పాత గేజికి మూలం ఫ్రాన్సులో యూజీన్ బూర్డాన్ 1849లో పేటెంటు పొందిన సాధనం. చదునుగా నొక్కి వంచిన లోహపు గొట్టంలో ఒత్తిడి పెరిగితే ఆ వంపు కాస్త విచ్చుకుంటుంది. ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. తొలినాటి కార్లలో సన్నని గొట్టం ఇంజన్ నూనెనే డ్యాష్‌బోర్డు దాకా మోసుకొచ్చేది. తర్వాత చవకైన స్విచ్ వచ్చింది: పలచని పొర, స్ప్రింగు, రెండు కాంటాక్టులు. ప్రెషర్ సుమారు 4 నుంచి 7 పౌండ్లకు దిగితే కాంటాక్టులు కలిసి లైటు వెలుగుతుంది. 1954లో బెల్ లేబొరేటరీస్‌లో చార్ల్స్ స్మిత్, సిలికాన్, జర్మేనియంల మీద ఒత్తిడి పెడితే వాటి విద్యుత్ నిరోధం బాగా మారుతుందని చూపాడు. నేటి ఎలక్ట్రానిక్ సెన్సర్లలో చాలావరకు ఆ గుణాన్ని వాడుకున్నవే. సౌకర్యం పెరిగింది గానీ, డ్రైవరుకు అందేది ఇప్పుడు నూనె ప్రెషర్ కాదు, దాని గురించిన వార్త. వార్త మోసే దారి చెడవచ్చు. స్విచ్ వైరు ఇంజన్ బాడీకి తగిలితే లైటు ఊరికే వెలుగుతుంది. అదే వైరు తెగితే అసలు వెలగదు. ఇదే ఎక్కువ ప్రమాదం. తాళం తిప్పగానే, ఇంజన్ స్టార్ట్ కాకముందు, లైటు వెలుగుతోందో లేదో చూడాల్సింది అందుకే.

కనక పరీక్షకూ ఒక క్రమం ఉంది. ఇంజన్ ఆపి డిప్‌స్టిక్ చూడాలి. తర్వాత కనెక్టర్ ఊడదీయాలి. లోపల నూనె చెమ్మ ఉంటే సెన్సర్ పొర చిట్లినట్టే. ఒంటి వైరు స్విచ్ అయితే, ఊడదీసిన వైరు దేనికీ తగలకుండా పట్టుకుని తాళం తిప్పినప్పుడు లైటు ఆరాలి; ఆరకపోతే తప్పు వైరుది. చివరికి సెన్సర్ విప్పి అదే రంధ్రంలో మెకానికల్ గేజి బిగించి, వేడెక్కిన ఇంజన్ మీద చూడాలి. ప్రెషర్ సరిగా ఉండి, వైరులోనూ లోపం లేకపోతే అప్పుడు సెన్సర్‌ది తప్పు. కొత్తది బిగించేటప్పుడు మరల మీద టేపు మందంగా చుట్టకూడదు. ఒంటి వైరు రకానికి ఎర్త్ ఆ మరల గుండానే అందుతుంది.

కారు కంప్యూటరులోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ ఉండగా ఇదంతా ఎందుకనవచ్చు. పీ0522 కోడ్ సెన్సర్ సర్క్యూట్‌లో వోల్టేజీ తక్కువని చెబుతుంది, పీ0524 ప్రెషర్ తక్కువని చెబుతుంది. కానీ ఆ సంగతి కంప్యూటరుకు చేరింది మనం అనుమానిస్తున్న సెన్సర్ నోటనే. ఒకే సాక్షిని రెండుసార్లు అడిగితే ఇద్దరు సాక్షులు కారు. సెన్సర్ చవక, మారిస్తే పోయేదేముందన్న వాదనలో బలముంది. అయితే కొత్త సెన్సర్ పెట్టి, పరీక్షగా నాలుగు కిలోమీటర్లు నడిపి చూసేలోపు, ప్రెషర్ నిజంగానే లేకపోతే, బేరింగులు కాలిపోతాయి. ఒకవైపు గేజి బిగించే కాస్త శ్రమ, మరోవైపు ఇంజన్ మొత్తం. కొత్త సెన్సర్‌తో లైటు ఆరడం ఒక్కటే పని పూర్తయిందనడానికి చాలదు. గేజి చూపిన అంకె ఆ కారు మాన్యువల్‌లోని అంకెకు సరిపోవాలి.