పేరు చివరి ప్రత్యయము

ద్రుపదుని కూతురు ద్రౌపది, ఇంద్రుని భార్య ఇంద్రాణి యని మేము బాల్యమున తండ్రిగారియొద్ద చదువుకొంటిమి. చివర నొక ప్రత్యయము చేరినంతనే స్త్రీ యెవరి బిడ్డయో, యెవరి యిల్లాలో తెలియుచున్నది. సంస్కృతమునకు దూరపు చుట్టమైన పోలిష్ భాషయందును ఈ రీతి కలదు. నోవాక్ అనువాని భార్య నోవాకోవా; పెండ్లికాని కూతురు నోవాకూవ్నా. ఈ రూపములు నేడచ్చట చాలవఱకు వాడుక తప్పినవి.

'స్కి' యను ప్రత్యయము వేఱు. అది ఊరిపేరునకు చేరి 'ఆ యూరివాడు' అను అర్థము నిచ్చి, క్రమముగా ఇంటిపేళ్లలో నిలిచినది. స్త్రీల విషయమున నది 'స్కా' యగును. 1867లో వార్సా నగరమున పుట్టిన మరియా స్క్లొదోవ్‌స్కా, 1895లో క్యూరీని పెండ్లాడిన పిదపను పుట్టింటిపేరు విడువలేదు. రెంటిని చేర్చి వ్రాసికొనెను.

చెక్ భాషలో స్త్రీల యింటిపేరునకు 'ఓవా' చేర్చుట చిరకాలపు నియమము. వలదను స్త్రీలు దానిని విడిచిపెట్టవచ్చునని 2022 జనవరి మొదలు చట్టము మార్చిరి.

ప్రత్యయము చిన్నదే, తన పేరు తనదా, పరులదా యను ప్రశ్న చిన్నది కాదు. భారతము పలుమాఱులు చదివియు, ద్రౌపదికి కృష్ణ యను సొంతపేరు గలదని మేమెన్నిమాఱులు తలచితిమి?