లారీ ఖాళీగా తిరగకూడదు

తక్కువ ధరకు అమ్మి కూడా లాభం పొందడం ఎలా? అమెరికాలోని వాల్‌మార్ట్ సంస్థ దీనికి కనుగొన్న మార్గాలలో ముఖ్యమైనది రవాణా.

శామ్ వాల్టన్ 1962లో ఆర్కన్సా రాష్ట్రంలోని రోజర్స్ అనే చిన్న పట్టణంలో తొలి వాల్‌మార్ట్ దుకాణం తెరిచారు. అలాంటి ఊళ్ళకు సరుకు పంపడానికి హోల్‌సేల్ వ్యాపారులు అంతగా ముందుకు రారు. అందుకని 1970ల ఆరంభంలో బెంటన్‌విల్‌లో సొంత పంపిణీ కేంద్రం పెట్టారు. అక్కడి నుంచి లారీ ఒక్కరోజులో చేరగల దూరంలోనే కొత్త దుకాణాలు తెరుస్తూ వెళ్ళారు.

ఇటువంటి కేంద్రాలలో ‘క్రాస్ డాకింగ్’ అనే పద్ధతి ఉంది. ఒకవైపు దిగిన సరుకును నిల్వ ఉంచకుండా, దుకాణాలవారీగా విడదీసి, రెండోవైపు లారీలకు ఎక్కిస్తారు. నిల్వ తగ్గితే ఖర్చు తగ్గుతుంది. దుకాణంలో సరుకు దించిన లారీ తిరుగు ప్రయాణంలో ఫ్యాక్టరీల నుంచి సరుకు నింపుకొస్తుంది. దీన్ని ‘బ్యాక్‌హాల్’ అంటారు. దుకాణాల అమ్మకాల వివరాలు వెంటనే తెలియడానికి 1987లో ఉపగ్రహ వ్యవస్థను కూడా ఏర్పరచుకున్నారు.

అయితే లారీ నడిపేది మనిషే కదా! 2014 జూన్‌లో న్యూజెర్సీలో ఈ సంస్థ లారీ ఒక వాహనాన్ని ఢీకొనగా ఒకరు మరణించారు. డ్రైవరు దాదాపు 28 గంటలుగా నిద్రపోలేదని దర్యాప్తులో తేలింది. డ్యూటీ ఎక్కకముందే అతడు ఇంటి నుంచి సుమారు 12 గంటలు సొంత వాహనం నడుపుకుంటూ వచ్చాడు. డ్రైవర్ల పని గంటల నిబంధనలు లెక్కించేది డ్యూటీ గంటలనే!

రేపు మనలో ఎవరైనా ఈ రంగంలో ఉద్యోగం చేస్తే, సరుకు లెక్కతో పాటు డ్రైవరు నిద్రనూ లెక్కలోకి తీసుకోవాలి.